పాత లగ్జరీ ఎస్‌యూవీతో లాంగ్ ట్రిప్ పోవాలంటే నెల ముందు నుంచి ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

పదేళ్ళు దాటిన మెర్సిడెస్ జీఎల్, ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5, ల్యాండ్ రోవర్ డిస్కవరీ లాంటి బండ్లు ఇప్పుడు కొత్త మామూలు ఎస్‌యూవీ కంటే తక్కువ రేటుకే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. బండి చవకే, కానీ స్పేర్ పార్టుల రేట్లు మాత్రం ఆ బండి షోరూమ్‌లో కొత్తగా ఉన్నప్పటి ధరకి తగ్గట్టే ఉంటాయి. ఇది కొనే ముందే తెలుసుకోవాలి. నా దగ్గరున్నది 2011 మోడల్, ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్. తిరుపతి నుంచి ఇంటిల్లిపాదీ ఎక్కి హంపి, గోవా, కన్యాకుమారి దాకా పోయొచ్చే బండి అది. ఎక్కడికి పోవాలన్నా నెల ముందు నుంచే ఇంటి దగ్గర దాని పని మొదలుపెడతాను. ఎందుకంటే మన ఊళ్ళో ఈ బండ్ల మీద చెయ్యి వేసే మెకానిక్కులు తక్కువ, పెద్ద పనైతే చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే, ఇక రాత్రి పూట కర్నూలు దాటాక హైవే పక్కన బండి ఆగిపోతే ఆ టెన్షన్ ఎట్లుంటుందో పిల్లలతో ప్రయాణం చేసేవాళ్ళకే తెలుస్తుంది.

ఈ బండ్లలో ఇంజిన్ అంత తేలిగ్గా పోదు. పోయేది దాని చుట్టూ ఉండే రబ్బరు, ప్లాస్టిక్కు. హోస్ పైపులు, సీళ్ళు, బుష్‌లు, కూలెంట్ ట్యాంకు, ఎయిర్ సస్పెన్షన్ బెల్లోస్ (స్ప్రింగుల బదులు బండిని మోసే గాలి రబ్బరు సంచులు), ఇవన్నీ కిలోమీటర్లను బట్టి కాదు, ఏళ్ళను బట్టి పాడవుతాయి. అందుకే "సార్, బండి 50 వేలే తిరిగింది" అని ఎవరైనా చెప్తే నాకు ఏమీ సంతోషం వేయదు. పన్నెండేళ్ళు రోహిణి కార్తె ఎండల్లో నిలబడి ఉన్న రబ్బరు తిరిగినా తిరగకపోయినా గట్టిపడి పగులుతుంది. రేణిగుంట రోడ్డులో నేను చూపించే మెకానిక్ అన్న ఎప్పుడూ ఒకటే మాట అంటాడు, "ఇంజిన్ సంగతి వదిలెయ్ సార్, ముందు రబ్బర్లు చూడు" అని. కాబట్టి ఇంట్లో మనం చేసే పనిలో ముప్పావు వంతు చూడటం, తడమటం, కొలవటమే. పానా పట్టే పని తక్కువ.

మొదట రెండు సంపాదించుకోండి. ఒకటి మీ బండి ఛాసిస్ నంబరు మీద వచ్చే పార్టు నంబర్లు. ఒకే మోడల్‌లో కూడా ఏడాది మారితే పార్టు మారుతుంది, కాబట్టి మోడల్ పేరు చెప్పి కొనకండి, నంబరు చెప్పి కొనండి. నంబరు చేతిలో ఉంటే చెన్నై జీపీ రోడ్డులోనో బెంగళూరు జేసీ రోడ్డులోనో బాష్, మాన్, మాలే, లెమ్‌ఫోర్డర్ లాంటి పార్టులు అడగొచ్చు, కంపెనీకి సప్లై చేసేది చాలావరకు వీళ్ళే, కంపెనీ డబ్బా లేనందుకు రేటు బాగా తగ్గుతుంది. రెండోది ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని ఫాల్ట్ కోడ్లు చదివే చిన్న పరికరం. బండిలో లైటు వెలగకపోయినా లోపల కోడ్ నిల్వ ఉండొచ్చు, నెలకోసారి చదవండి, కనిపించినవి రాసి పెట్టుకోండి. చెరిపేస్తే జబ్బు పోయినట్టు కాదు. చెరిపాక మళ్ళీ అదే కోడ్ ఎన్ని రోజులకి వచ్చిందో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది.

ఇక కూలింగ్. ఎండాకాలం మన వైపు నుంచి బయలుదేరేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ టైము పెట్టాల్సింది దీని మీదే. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, టార్చి వేసి కూలెంట్ ట్యాంకు చుట్టూ నిదానంగా చూడండి. ఈ ట్యాంకు రెండు ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసింది, ఆ అతుకు వెంబడి తెల్లగానో గులాబీగానో ఎండిన ఉప్పు లాంటి గీత కనిపిస్తే అక్కడ సన్నగా కారుతోందని అర్థం. కింద చుక్క పడదు, ఎందుకంటే వేడికి కారింది కారినట్టే ఆవిరైపోతుంది. తర్వాత పై హోస్ పైపును క్లాంపు దగ్గర వేళ్ళతో నొక్కండి. కొత్త పైపు నొక్కితే సాగి మళ్ళీ నిలబడుతుంది. పాతది లోపల కరకరమంటుంది, లేదా క్లాంపు పక్కన ఉబ్బి మెత్తగా తగులుతుంది. రెండిట్లో ఏది కనిపించినా ఆ పైపు మార్చాల్సిందే, "ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం" అనుకోకండి. ట్యాంకు మూత కూడా కొత్తది వేసేయండి, రేటు పెద్దగా ఉండదు. కూలెంట్ దాదాపు 120 డిగ్రీల వరకు మరగకుండా ఉండేది ఆ మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే, మూత వదులైతే 100 దాటగానే గోల మొదలవుతుంది. వేడి ఇంజిన్ మీద మాత్రం ఆ మూత ఎట్టి పరిస్థితిలోనూ తిప్పొద్దు, మొహం కాలిపోతుంది.

కూలెంట్ రంగు చూసి కొనకండి. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి, మెర్సిడెస్‌కి 325 సిరీస్ ఒకటుంటుంది, ఆడికి జీ12, జీ13 రకాలుంటాయి. రకాలు కలిస్తే లోపల చిక్కబడి రేడియేటర్ సన్న దారులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్ళు పొయ్యకండి, మన ప్రాంతంలో బోరు నీళ్ళలో ఉప్పు ఎంతుంటుందో గీజర్ కాయిల్ విప్పి చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. రేడియేటర్‌కీ ఏసీ కండెన్సర్‌కీ మధ్య సందులో పురుగులు, దుమ్ము, ఎండాకులు చేరి గాలి ఆడదు, మామూలు తోట పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు కొట్టండి. వాటర్ సర్వీసులో వాడే ప్రెషర్ గన్ కొడితే రేకులు వంగిపోతాయి.

ఇంకొకటి, చాలా జర్మన్ బండ్లలో డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు నిజం మొత్తం చెప్పదు. అసలు వేడి కొంచెం పెరిగినా తగ్గినా ముల్లు మధ్యలోనే కూర్చుని ఉంటుంది, అది కదిలే లోపు పరిస్థితి ముదిరిపోతుంది. స్కానర్ పెట్టి ఫోన్‌లో అసలు నంబరు చూడండి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు, ఏసీ ఫుల్లుగా పెట్టి, బండి నిండా జనం ఉన్నప్పుడు 90, 95 దగ్గర తిరుగుతుంటే దిగులు లేదు. 110కి ఎగబాకుతుంటే ఏసీ ఆపి, పక్కకి తీసి, కారణం వెతకాల్సిందే. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. ఎంత దూరం నడిపినా 75 దాటడం లేదంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయింది, పాత ఎక్స్5 డీజిళ్ళలో ఇది మామూలే, మైలేజీ పడిపోతుంది.

ఎయిర్ సస్పెన్షన్ అంటే అందరికీ భయం, పేరు వింటేనే బండి అమ్మేద్దాం అంటారు. అంత అవసరం లేదు, దాన్ని కొలిచి పట్టుకోవచ్చు. సాయంత్రం చదునైన చోట బండి ఆపి, ఒక టేపు తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడి మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎంతుందో కొలిచి రాసుకోండి. పొద్దున తలుపు తీయకముందే మళ్ళీ కొలవండి, తలుపు తీస్తే కొన్ని బండ్లు లేచి సర్దుకుంటాయి, అప్పుడు కొలత తప్పిపోతుంది. కొద్ది మిల్లీమీటర్లు దిగితే రాత్రి చల్లదనం వల్ల అనుకోవచ్చు. ఒక్క మూల మాత్రమే మూడు నాలుగు సెంటీమీటర్లు కూర్చుంటే ఆ మూల బెల్లోస్‌లోనో దాని పైపు జాయింటులోనో లీకు. ముందు రెండూ కలిసి, లేదా వెనక రెండూ కలిసి దిగుతుంటే, చక్రాలకి గాలి పంచే వాల్వ్ బ్లాక్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. లీకు అనిపించిన చోట, బండి నేల మీదే ఉంచి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం సందులోంచి షాంపూ నీళ్ళు స్ప్రే చేయండి. బెల్లోస్ మడత పడే చోట సన్న పగుళ్ళలోంచి చిన్న చిన్న బుడగలు వరసగా వస్తాయి, పెద్ద లీకైతే తుస్సుమని వినిపిస్తుంది కూడా.

లీకు చిన్నదే కదా అని వదిలేస్తే ఏమవుతుందంటే, దిగిన ఎత్తును లేపడానికి గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతుంది, వేడెక్కి ఒకరోజు అదే కాలిపోతుంది. ఒక బెల్లోస్‌తో పోయే ఖర్చు అప్పుడు రెండింతలవుతుంది. మెర్సిడెస్ ఎంఎల్, జీఎల్ బండ్లలో కంప్రెసర్ రిలే (దానికి కరెంటు ఇచ్చే స్విచ్) అతుక్కుపోయి కంప్రెసర్ ఆగకుండా తిరిగి చచ్చిపోవడం చాలామందికి తెలిసిన సంగతే, రిలే రేటు కంప్రెసర్ ముందు ఒక లెక్క కాదు, కాబట్టి కంప్రెసర్ మార్పిస్తే రిలే కూడా మార్పించండి. ఇంకో ముఖ్యమైన మాట. ఎయిర్ సస్పెన్షన్ బండిని జాకీ మీద లేపే ముందు మాన్యువల్ చెప్పినట్టు, ఎత్తు సర్దుబాటు ఆపే జాక్ మోడ్ పెట్టాలి. లేకపోతే బండి దానంతట అదే ఎత్తు సర్దుకోబోతుంది. జాకీ ఒక్కటే పెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, గట్టి స్టాండ్లు రెండు కొనుక్కోండి, దాదాపు రెండున్నర టన్నుల ఇనుము అది.

బ్యాటరీ విషయానికొస్తే, ఈ బండ్లలో వచ్చే వింత వింత ఎర్రర్లలో చాలావాటికి మూలం బ్యాటరీ నీరసమే. సస్పెన్షన్ ఫాల్ట్, గేర్‌బాక్స్ ఫాల్ట్, స్టీరింగ్ ఫాల్ట్ అన్నీ ఒకేసారి వస్తే ముందు మల్టీమీటర్ తీయండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే, 12 కంటే కింద ఉంటే ఛార్జింగ్ పెట్టి మళ్ళీ చూడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీ ఎక్కడుందో కూడా ముందే తెలుసుకోండి, జీఎల్‌లో, మొదటి తరం క్యూ7లో ముందు సీటు కింద, ఎక్స్5లో డిక్కీ అడుగున ఉంటుంది, జంప్ ఇవ్వడానికి టెర్మినళ్ళు మాత్రం బానెట్ కిందే ఇచ్చారు. లోపల కూర్చునే చోట ఉండే బ్యాటరీ కాబట్టి మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టకండి, కంపెనీ చెప్పిన ఏజీఎం (యాసిడ్ ఒలకని) రకమే పెట్టించి, గాలి పోయే సన్న పైపు మళ్ళీ తగిలించారో లేదో మీ కళ్ళతో చూడండి. బీఎండబ్ల్యూ, ఆడి బండ్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు కంప్యూటర్‌లో నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. కరకంబాడిలో బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మనది, బ్యాటరీ కొనడానికి దూరం పోనక్కర్లేదు కానీ, ఆ నమోదు చేసే స్కానర్ ఉన్న షాపు వెతికి పెట్టించండి.

ఇంజిన్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చు, కష్టం కాదు. ఈ వీ6 (V ఆకారంలో రెండు వరసల్లో ఆరు సిలిండర్లు), ఒకే వరస ఆరు సిలిండర్ల డీజిళ్ళకి 7 నుంచి 9 లీటర్ల దాకా పడుతుంది, ఎంతో మాన్యువల్ చూసి కొనండి. గ్రేడు ఒక్కటే చూస్తే చాలదు, మెర్సిడెస్‌కి 229.51, బీఎండబ్ల్యూకి ఎల్ఎల్-04, ఆడికి 507.00 లాంటి అప్రూవల్ డబ్బా మీద రాసి ఉండాలి. ఫిల్టరు చాలావాటిలో పైనే ఉంటుంది, మూత తిప్పి తీసి, కొత్త ఓ-రింగ్ వేసి, మాన్యువల్‌లో ఉన్నంత బిగువే టార్క్ పానాతో (బిగువు కొలిచే పానా) పెట్టండి, ప్లాస్టిక్ మూత కాబట్టి బలం చూపిస్తే పగులుతుంది. కంపెనీ ఎంత దూరం చెప్పినా మన ఎండకీ ట్రాఫిక్‌కీ 8 నుంచి 10 వేల కిలోమీటర్లకి మార్చడమే మంచిదని నా అభిప్రాయం. పాత ఆయిల్ కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి వర్క్‌షాపుకివ్వండి. మెర్సిడెస్ 3 లీటర్ల వీ6 డీజిల్ ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట నూనె తడి కనిపిస్తే చాలామంది క్రాంక్ సీల్ అంటారు, గేర్‌బాక్స్ దించాలంటారు. ఒప్పుకునే ముందు వీ మధ్యలో ఉండే ఆయిల్ కూలర్ సీళ్ళు చూపించమనండి. అక్కడ మొదట వచ్చిన నారింజ రంగు సీళ్ళు వేడికి గట్టిపడి లీకవుతాయి, తర్వాత వచ్చిన ఊదా రంగు సీళ్ళు వేడిని బాగా తట్టుకుంటాయి. పని మాత్రం ఇంట్లో అయ్యేది కాదు, పైన చాలా విప్పాలి.

బ్రేకులు. తిరుమల ఘాట్ దగ్గర ఉండి దీని గురించి తక్కువ చెప్పలేను. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు, 36 మలుపులు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నిబంధన పెట్టింది, అది ఊరికే పెట్టింది కాదు. రెండున్నర టన్నుల బండి, పైన ఏడుగురు, లగేజీ, అదంతా బ్రేక్ పెడల్ మీదే దింపితే ప్యాడ్లు, డిస్కులు, చివరికి బ్రేక్ ఫ్లూయిడ్ కూడా వేడెక్కుతాయి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, కానీ అది గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది, బాగా తేమ పట్టాక మరిగే హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే ప్యాడ్లు బాగున్నా సరే రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్పించండి, ఎప్పుడు మార్చారో తెలియని బండి అయితే ఈరోజే. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకి వచ్చేదాకా ఆగకండి, లాంగ్ ట్రిప్పుకి 5 ఉన్నా నేను మార్చేస్తాను. డిస్కు మీద కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది, దానితో పోల్చి చూడండి. దిగేటప్పుడు గేరు మాన్యువల్‌లో పెట్టి రెండు, మూడులో ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగండి, బ్రేకు వేసి వదలండి, అదేపనిగా తొక్కి పట్టకండి. చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే పక్కన చోటు చూసి ఆపి చల్లారనివ్వండి, వేడి డిస్కు మీద నీళ్ళు పొయ్యొద్దు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 3519 అంటే 2019లో 35వ వారం. గీతలు లోతుగానే ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుతో ఎండాకాలం హైవే ఎక్కడం నాకిష్టం లేదు. పక్క గోడల్లో సన్న పగుళ్ళు కనిపిస్తే వయసు చూడకుండా మార్చండి. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే, డోరు పక్కన అంటించిన పట్టికలో ఫుల్ లోడుకి రాసిన లెక్కకి కొట్టించండి. స్టెప్నీ మర్చిపోవద్దు, సన్న స్టెప్నీ అయితే దానితో 80 దాటకూడదు. దొంగతనం కాకుండా చక్రానికి వేసే లాక్ బోల్టును విప్పే అడాప్టర్ బండిలో ఉందో లేదో ఇప్పుడే వెతకండి, అది లేకపోతే దారిలో పంక్చర్ అయినా చక్రం ఊడదు.

వానల సంగతి. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో అందరం చూశాం. సన్‌రూఫ్ ఉన్న బండ్లలో నాలుగు మూలలా నీళ్ళు పోయే సన్న పైపులుంటాయి, కానుగ చెట్టు కిందో వేప చెట్టు కిందో ఆపే బండికి ఆకు పొడి, మట్టి చేరి అవి మూసుకుపోతాయి, నీళ్ళు రూఫ్ లైనింగులోంచి దిగి కార్పెట్ కింద ఉండే కంట్రోల్ యూనిట్లలోకి పోతాయి. ఒక గ్లాసు నీళ్ళు గాడిలో మెల్లగా పోసి, ఆ వైపు చక్రం దగ్గర కిందికి కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా తియ్యండి, గాలి గట్టిగా కొడితే లోపల జాయింటు ఊడుతుంది. వైపర్ల కింద ఆకులు కూడా తీసేయండి. ఎలుకలు ఇంకో పెద్ద బెడద. వారం రోజులు ఆగిన బండి బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, ఏసీ క్యాబిన్ ఫిల్టర్ తెరిచి చూడండి, ఎలుక పెంటికలో, చించిన స్పాంజో ఉంటే వైర్లు ఒక్కొక్కటీ చూడాల్సిందే. బండిలో తిండి వదలకండి, రెండు మూడు రోజులకోసారైనా కదిలించండి.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. "లైఫ్ టైమ్" అని చెప్పినా నమ్మొద్దు, చాలా బండ్లకి గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్లకి మార్చమంటుంది. కానీ లెవెల్ చూడటానికి ఇంజిన్ నడుస్తూ, ఆయిల్ ఒక వేడిలో ఉండాలి, బండి లిఫ్ట్ మీద సమానంగా ఉండాలి. తెలిసినవాళ్ళ దగ్గర చేయించండి.

డిక్కీలో పెట్టుకోవాల్సినవి: అదే రకం కూలెంట్ ఒక లీటరు, డిస్టిల్డ్ వాటర్, రెండు మూడు సైజుల హోస్ క్లాంపులు, సాగదీసి చుట్టే సిలికాన్ టేపు, ఫ్యూజులు, టార్క్స్ (నక్షత్రం ఆకారం) బిట్లు, టైరు ఇన్‌ఫ్లేటర్, పంక్చర్ కిట్, జంప్ స్టార్టర్, హెడ్ లాంప్ టార్చి, ట్రయాంగిల్. నేషనల్ హైవే మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయొచ్చు. 15 ఏళ్ళు దగ్గర పడుతున్న బండి అయితే ఆర్సీ తేదీ చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక, ట్రిప్పుకి పది రోజుల ముందు, ఇంట్లోవాళ్ళని లోడుగా ఎక్కించుకుని చంద్రగిరి మీదుగా భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె, అక్కణ్ణుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కి అదే రోజు తిరిగొచ్చేయండి. సముద్ర మట్టానికి నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తుకి పోతారు కాబట్టి కూలింగ్, గేర్‌బాక్స్, బ్రేకులు అన్నీ పరీక్షకొస్తాయి. పైకి ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళని ఫోన్‌లో టెంపరేచర్ చూస్తూ ఉండమనండి. మ్యూజిక్ ఆపి, స్పీడ్ బ్రేకర్ల మీద టక్ టక్ శబ్దం వస్తుందేమో వినండి, వస్తే కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) బుష్‌లు చూపించాలి. చక్రాలు విప్పి ఉంటే వీల్ బోల్టులు తిరిగొచ్చాక మళ్ళీ టార్క్ పానాతో సరిచూడండి. ఆ రాత్రి బండి కింద పాత అట్టపెట్టె విప్పి పరచండి, పొద్దున దాని మీద ఏ రంగు చుక్క ఎక్కడ పడిందో చూసి ఫోటో తీసుకోండి. కూలెంట్ లెవెల్, ఆయిల్ లెవెల్, నాలుగు మూలల ఎత్తు మళ్ళీ కొలిచి పాత లెక్క పక్కన రాయండి. ఎక్కడ తేడా వచ్చినా పార్టు తెప్పించుకుని వేయించుకోవడానికి చేతిలో ఇంకా వారం పైనే ఉంటుంది.